బ్యాంకు పెట్టిన డాక్టరు: భోగరాజు పట్టాభి సీతారామయ్య

ఈ నెల గోడపత్రికలో జీవిత చరిత్ర రాసే వంతు నాది. ముందు మొల్ల గురించి రాస్తానని పేరు ఇచ్చాను. తర్వాత మన ఆడిటోరియంలో ఉద్యోగాల మీద ఒక కార్యక్రమం జరిగింది కదా, దాంతో మనసు మారింది. ఆ రోజు బయటినుంచి వచ్చినాయన ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ గురించి గంటసేపు చెప్పారు. తెర మీద జీతాల అంకెలు ఒకదాని తర్వాత ఒకటి పెరుగుతా పోయాయి. కామర్స్ వాళ్లు ముందు వరుసల్లో కూర్చుని రాసుకున్నారు. తెలుగు, చరిత్ర చదివేవాళ్లం వెనక కూర్చున్నాం. ఆర్ట్స్ వాళ్లకు ఇందులో ఏమన్నా దారి ఉందా అని మూడో సంవత్సరం అక్క ఒకరు అడిగితే, ఆయన చిన్నగా నవ్వి ఇంకో ప్రశ్నకు పోయారు.

కుందారపల్లిలో బస్సు దిగేదాకా ఆ నవ్వు నా మనసులోనుంచి పోలేదు. ఇంట్లో చెప్పాను. నాయన తెలుగులో అడిగారు, అమ్మ తమిళంలో అడిగింది, ఇద్దరూ అడిగింది మాత్రం ఒకటే: అంత జీతం ఇస్తారంటే ఆ ఉద్యోగంలో చేసే పని ఏమిటి అని. నేను చెప్పలేకపోయాను. గంటసేపు విన్నాను గానీ జీతం ఎంతో తెలిసింది, పని ఏమిటో తెలియలేదు.

మరుసటి రోజు బస్సులో కామర్స్ చదివే స్నేహితురాలు నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. ఒక సంస్థ పెట్టాలన్నా, ఉన్నదాన్ని పెద్దది చేయాలన్నా డబ్బు కావాలి. ఆ డబ్బు ఒకరి దగ్గర ఉండదు, వందలమంది దగ్గర కొంచెం కొంచెంగా ఉంటుంది. సంస్థను వాటాలుగా విడగొట్టి, ఒక్కో వాటాకు ధర కట్టి, ఈ సంస్థ ఇట్లాంటిది, లాభం ఇట్లా రావచ్చు, నష్టం కూడా ఇట్లా రావచ్చు అని ప్రాస్పెక్టస్ అనే కాగితంలో రాసి, కొనేవాళ్లను వెతికి పెట్టాలి. అమ్ముడుపోని వాటాలు మేమే తీసుకుంటాం అని ముందే పూచీ పడేవాళ్లు కూడా ఉంటారు. ఈ పనికి తీసుకునే రుసుములోనుంచే ఆ పెద్ద జీతాలు వస్తాయి. ఒక సంస్థను ఇంకో సంస్థలో కలిపే బేరాలు కూడా వాళ్లే నడిపిస్తారు. కొత్తగా చేరినవాళ్లు అర్ధరాత్రి దాటేదాకా లెక్కలు వేస్తా కూర్చుంటారంట.

ఇది వింటా ఉంటే ఆంధ్రోద్యమం పాఠంలో చదివిన ఒక పేరు గుర్తొచ్చింది. ఆ పాఠంలో ఆయన కాంగ్రెస్ నాయకుడు. బ్యాంకు స్థాపించారు అని ఒక్క వాక్యం మాత్రం ఉంది. ఆ ఒక్క వాక్యం వెనక ఉన్నదంతా లైబ్రరీలో వెతికి చదివి ఇది రాస్తున్నాను. నిలబడి చదవాల్సిన పత్రిక కాబట్టి పొడుగైతే మన్నించండి.

భోగరాజు పట్టాభి సీతారామయ్య 1880 నవంబరు 24న గుండుగొలనులో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. ఇంట్లో డబ్బు లేదు. చిన్నప్పుడే తండ్రి పోయారు. తండ్రి లేని పేద పిల్లవాడు ఏలూరులో బడి చదువు, బందరు నోబుల్ కాలేజీలో ఎఫ్.ఏ., మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో బి.ఏ. పూర్తి చేశాడు. అంతటితో గుమాస్తా ఉద్యోగమో, టీచరు ఉద్యోగమో చూసుకుని ఉంటే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. ఆయన మద్రాసులోనే వైద్యం చదివి ఎం.బి.సి.ఎం. పట్టా తీసుకున్నారు. ఆ కాలంలో అది శానా పెద్ద చదువు. ఇప్పుడు మన తెర మీద చూపించిన ఉద్యోగాలు ఎట్లాంటివో, అప్పుడు ఇంగ్లీషు వైద్యం, వకీలు పని అట్లాంటివి.

1906 ప్రాంతంలో బందరులో ప్రాక్టీసు మొదలుపెట్టారు. బందరు అంటే మచిలీపట్నం. ఒకప్పుడు డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు వచ్చి వ్యాపారం చేసిన పెద్ద రేవు. 1864 తుఫానులో సముద్రం ఊరిమీదికి వచ్చి వేలమంది పోయారు. ఆ తర్వాత రేవు మునుపటిలాగా లేదు. కానీ చుట్టూ ఉన్నది కృష్ణా డెల్టా. బెజవాడ ఆనకట్ట నీళ్లతో వరి పండే నేల.

సరిగ్గా ఆ 1906 అక్టోబరులోనే మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ మునిగిపోయింది. ఇది పట్టాభి జీవితంలో జరిగింది కాదు గానీ, ఇది చెప్పకపోతే తర్వాత ఆయన చేసిన పని ఎంత కష్టమో తెలియదు. అర్బత్‌నాట్ అప్పట్లో మద్రాసులో పేరున్న దొరల సంస్థ. జనం దగ్గర డిపాజిట్లు తీసుకుని తోటల్లో, గనుల్లో, లండన్ జూదంలాంటి బేరాల్లో పెట్టింది. పింఛను డబ్బు దాచుకున్నవాళ్లు, భర్త పోయిన ఆడవాళ్లు, చిన్న ఉద్యోగులు పెట్టిన సొమ్ము పోయింది. లండన్‌లో ఉన్న భాగస్వామి ఆత్మహత్య చేసుకున్నాడు. సర్ జార్జి అర్బత్‌నాట్‌కు 18 నెలల కఠిన శిక్ష పడింది. ఆ దెబ్బ తర్వాతే మద్రాసు పెద్దమనుషులు మనకు మనమే బ్యాంకు పెట్టుకోవాలని 1907లో ఇండియన్ బ్యాంకు మొదలుపెట్టారు. కానీ 1913 నుంచి నాలుగైదేళ్లలో దేశమంతటా స్వదేశీ బ్యాంకులు కూడా శానా మూతబడ్డాయి. అప్పటికి రిజర్వు బ్యాంకు లేదు, అది వచ్చింది 1935లో. డిపాజిట్‌కు పూచీ పడే ప్రభుత్వం లేదు. బ్యాంకులో డబ్బు పెట్టండి అని ఎవరైనా అడిగితే, ముందు ఇంట్లోవాళ్లే వద్దనేవాళ్లు.

పట్టాభి వైద్యం బాగానే నడిచింది. కానీ ఆయన ధ్యాస ఒక్క వైద్యం మీదే లేదు. 1910లో కోపల్లె హనుమంతరావు, కృష్ణాపత్రిక నడిపిన ముట్నూరి కృష్ణారావు, పట్టాభి కలిసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. సర్కారు చదువుకు బదులు చేతిపనులతో కలిపిన చదువు చెప్పాలన్నది వాళ్ల ఆలోచన. తెలుగువాళ్లకు వేరే రాష్ట్రం కావాలని మొదటినుంచీ వాదించినవాళ్లలో ఆయన ఒకరు. రాష్ట్రం అడిగితే సర్కారు ఇవ్వదు కాబట్టి, ముందు కాంగ్రెస్‌లోనైనా ఆంధ్రకు వేరే శాఖ ఇవ్వమని అడిగారు. పెద్ద నాయకులు ఇప్పుడెందుకని అడ్డం చెప్పినా వదల్లేదు. 1917 కలకత్తా కాంగ్రెస్‌లో అది సాధించారు.

1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు పెట్టడంలో కూడా ఆయన చెయ్యి ఉంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, ఎందుకంటే ఇది నాకు పుస్తకం లేకుండా అర్థమయింది. డెల్టా రైతుకు నాట్లప్పుడు డబ్బు కావాలి, చేతికి వచ్చేది కోతల తర్వాత. మధ్యలో ఉన్న నెలలకు వడ్డీ వ్యాపారి ఉంటాడు. వరికి బదులు మామిడి అని రాసుకుంటే ఇది మా ఊరు. పూతప్పుడు మందులకు డబ్బు కావాలి, కాయ అమ్మేది ఎండాకాలంలో. ఆ మధ్యలో తోటను గుత్తకు ఇస్తారు, లేకపోతే బంగారం కుదువ పెడతారు. నా మొదటి సంవత్సరం ఫీజుకు మా అవ్వ గాజులు కుదువకు పోయాయి. వడ్డీ ఎంతని అడిగితే నూటికి నెలకు ఇంత అని చెప్తారు. సంవత్సరానికి ఎంత అవుతుందో ఎవరూ లెక్క వేసి చెప్పరు. నేనే వేసి చూశాను, వేయకుండా ఉండాల్సింది.

సహకార సంఘం చేసే పని ఏమిటంటే, పదిమంది రైతులు కలిసి ఒకరికొకరు పూచీ పడతారు. ఒక్కొక్కరుగా పోతే ఇవ్వనివాడు సంఘంగా పోతే ఇస్తాడు. ఇట్లాంటి చిన్న సంఘాలకు పైనుంచి డబ్బు అందించేది కేంద్ర బ్యాంకు. రోగి నాడి చూసే డాక్టరు ఈ లెక్కలు ఎప్పుడు నేర్చుకున్నారో నాకు ఎక్కడా దొరకలేదు. చదివింది బి.ఏ., తర్వాత వైద్యం. కామర్స్ చదవలేదు. ఇది మన వెనక వరుసవాళ్ల కోసం రాస్తున్నాను.

సుమారు పదేళ్లు ప్రాక్టీసు చేసి 1916 ప్రాంతంలో వైద్యం వదిలేశారు. బాగా సంపాదన ఉన్నప్పుడు వదిలేయడం అంటే ఏమిటో మన ఇళ్లల్లో ఊహించుకోండి. డాక్టరు చదివిన కొడుకు నాకు ఈ ఉద్యోగం వద్దు, ఊరి పనులు చేస్తానంటే ఎవరింట్లో ఊరుకుంటారు? 1919లో జన్మభూమి అని ఇంగ్లీషు వారపత్రిక మొదలుపెట్టారు. గాంధీగారి వెంట నడిచారు.

ఆ తర్వాత వచ్చింది 1923. నవంబరు 20న ఆంధ్రా బ్యాంకు రిజిస్టరు అయింది, నవంబరు 28న బందరులో తలుపులు తెరిచింది. అధీకృత మూలధనం 10 లక్షల రూపాయలు, చెల్లించిన మూలధనం 1 లక్ష. ఈ రెండు మాటల తేడా కూడా నా స్నేహితురాలే చెప్పింది. మొదటిది, ఇంతవరకు వాటాలు అమ్ముకోవచ్చు అని సంస్థ రిజిస్టరు చేసుకునేటప్పుడు రాసుకున్న హద్దు. రెండోది, వాటాలు కొన్నవాళ్లు నిజంగా లెక్కపెట్టి ఇచ్చిన డబ్బు. పదిలో ఒక వంతుతోనే మొదలుపెట్టారన్నమాట. ఈపొద్దు లక్ష రూపాయలకు మా వైపు మంచి పాలావు ఒకటి వస్తుందేమో. అప్పట్లో అది పెద్ద సొమ్మే, కానీ బ్యాంకుకు మాత్రం చిన్నదే.

ఇప్పుడు బస్సులో విన్నదాన్ని దీని పక్కన పెట్టి చూడండి. సంస్థను వాటాలుగా విడగొట్టడం, కొనేవాళ్లను ఒప్పించడం, ఆ డబ్బును పని చేసేచోటికి పంపించడం. పని అదే. తేడా ఏమిటంటే ఇక్కడ వాటా అమ్మేవాళ్ల వెనక పెద్ద సంస్థ పేరు లేదు. అర్బత్‌నాట్ మునిగి ఇరవై ఏళ్లు కూడా కాలేదు. ఒక సంస్థకు పేరు లేనప్పుడు జనం మనిషిని చూసి డబ్బు పెడతారు. మా ఊర్లో చీటీ కట్టేటప్పుడు కూడా అంతే, చీటీ నడిపే మనిషి ఎవరని అడుగుతారు. పట్టాభికి బందరులో ఉన్నది డాక్టరుగా, కళాశాల పెట్టినవాడుగా వచ్చిన మంచి పేరు. అదే ఆయన పెట్టుబడి అని నేను అనుకుంటున్నాను.

ఇంకో సంగతి చూడండి. 1923లో ఆంధ్ర అనే పేరుతో రాష్ట్రం లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో కొన్ని జిల్లాలు మాత్రం ఉన్నాయి. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953లో. అంటే రాష్ట్రం కంటే 30 ఏళ్లు ముందే ఆ పేరుతో బ్యాంకు వచ్చింది. రాష్ట్రం అడిగేవాళ్లను అప్పట్లో ఎక్కువగా అడిగే ప్రశ్న మీకు సొంతంగా నడుపుకునే స్తోమత ఉందా అన్నది. దానికి ఉపన్యాసం ఒక జవాబు, బ్యాంకు ఇంకో జవాబు.

ఒక్క బ్యాంకుతో ఆగలేదు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు, 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు కంపెనీ. ఆయన పెట్టిన సంస్థల్లో ఉత్తరప్రత్యుత్తరాలు తెలుగులో జరగాలని పట్టుబట్టేవారని చెబుతారు. బ్యాంకు ఫారం తెలుగులో నింపే రోజులు ఎట్లా ఉండేవో! మా అమ్మ తమిళంలో నింపుతుంది, నాయన ఇంగ్లీషులో సంతకం పెడతారు, తెలుగు అక్షరం మాత్రం మా ఇంట్లో నా నోటుబుక్కులోనే ఉంది.

1930 ముందూ వెనకా ప్రపంచమంతా ధరలు పడిపోయాయి, ధాన్యం ధర కూడా పడింది. 1938లో దక్షిణాన ట్రావన్‌కూర్ నేషనల్ అండ్ క్విలన్ బ్యాంకు అనే పెద్ద బ్యాంకు కూలింది. ఆంధ్రా బ్యాంకు అవన్నీ దాటి నిలబడింది. ఈ మధ్యకాలంలో ఆయన మాత్రం బ్యాంకులో తక్కువ, రోడ్ల మీద, జైళ్లలో ఎక్కువ ఉన్నారు. 1930లో బందరు వైపు ఉప్పు సత్యాగ్రహం చేసి జైలుకు పోయారు. 1935లో కాంగ్రెస్ యాభై ఏళ్ల సందర్భంగా ఆ సంస్థ చరిత్రను ఇంగ్లీషులో పెద్ద పుస్తకంగా రాశారు. 1942లో అరెస్టయి అహ్మద్‌నగర్ కోటలో నెహ్రూ, పటేల్, ఆజాద్‌లతో పాటు దాదాపు మూడేళ్లు ఉన్నారు.

మన చరిత్ర పుస్తకాల్లో ఆయన ఎక్కువగా కనిపించేది ఓడిపోయిన మనిషిగా. 1939లో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోస్‌కు 1580 ఓట్లు, పట్టాభికి 1377 ఓట్లు వచ్చాయి. గాంధీగారు ఆ ఓటమిని తన ఓటమిగానే తీసుకున్నారు. పరీక్షలో ఒక మార్కు ప్రశ్నకు ఇంతే కావాలి కాబట్టి మనకు ఇంతే గుర్తుంటుంది. 1948లో ఆయన తిరగా నిలబడ్డారు, పురుషోత్తమ దాస్ టండన్ మీద గెలిచి జైపూర్ కాంగ్రెస్‌కు అధ్యక్షులయ్యారు. దీన్ని మనల్ని ఎవరూ అడగరు.

ఇక రాయాలా వద్దా అని ఆలోచించిన సంగతి ఒకటుంది. జైపూర్‌లోనే భాషా రాష్ట్రాల గురించి ముగ్గురితో ఒక కమిటీ వేశారు. జవహర్‌లాల్, వల్లభభాయ్, పట్టాభి. ముగ్గురి పేర్లలో మొదటి అక్షరాలతో జె.వి.పి. కమిటీ అన్నారు. 1949లో వాళ్లిచ్చిన నివేదిక భాషా రాష్ట్రాలను ప్రస్తుతానికి వాయిదా వేయమంది. ఆంధ్ర సంగతి మాత్రం ముందుగా చూడొచ్చు, కానీ మద్రాసు పట్నం మీద ఆశ వదులుకోవాలి అంది. జీవితమంతా ఆంధ్ర రాష్ట్రం కావాలన్న మనిషి ఆ కాగితం మీద సంతకం పెట్టారు. అప్పట్లోనే శానామంది తెలుగువాళ్లకు ఆయన మీద కోపం వచ్చింది. తర్వాత 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములు ప్రాణం పోయింది, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర వచ్చింది. మద్రాసు రాలేదు. అప్పటి సేలం జిల్లాలో ఉన్న మన హోసూరు, కృష్ణగిరి కూడా ఇటువైపే ఉండిపోయాయి.

మన సరిహద్దుకు పట్టాభి ఒక్కరే కారణం అనడం అన్యాయం. గీత ఎక్కడ గీసినా దానికి రెండు వైపులా ఎవరో ఒకరు మిగులుతారు. ఇంట్లో సగం తమిళం ఉన్న నేను ఆ గీతను గురించి కోపంగా రాయలేను కూడా, అటువైపు గీసి ఉంటే మా అమ్మ భాష మిగిలిపోయేది. అయినా చదివినప్పుడు ఒక్క క్షణం మనసు చివుక్కుమంది. ఆ సంగతి దాచిపెట్టి గొప్పలు మాత్రం రాస్తే బాగుండదని రాశాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రోజుకు ఆయన ఆంధ్రలో లేరు. 1952 నుంచి 1957 దాకా మధ్యప్రదేశ్ గవర్నరుగా ఉన్నారు. 1959 డిసెంబరు 17న హైదరాబాదులో కన్నుమూశారు.

ఆయన పోయిన తర్వాత బ్యాంకు ఇంకా అరవై ఏళ్లు ఆ పేరుతోనే నడిచింది. 1964లో ఆయన పెట్టిన భారత లక్ష్మీ బ్యాంకు కూడా వచ్చి అందులోనే కలిసింది. 1980 ఏప్రిల్ 15న ప్రభుత్వం దాన్ని జాతీయం చేసింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిపేశారు. ఈ మాట చెప్తే నా స్నేహితురాలు, చూడు, సంస్థలను కలపడం కూడా ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకర్ల పనే అన్నాను కదా అని గుర్తుచేసింది. ఇది మాత్రం ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం. సరిహద్దు దాటి బంధువుల ఊళ్లకు పోయినప్పుడు చిన్నప్పుడు చూసిన ఆంధ్రా బ్యాంకు బోర్డులు ఇప్పుడు లేవు. అప్పుడు ఆ పేరు ఎవరు పెట్టారో నాకు తెలియదు, తెలిసేటప్పటికి పేరు పోయింది.

ఇది రాస్తా ఉంటే మా అవ్వ పక్కన కూర్చుని ఎవరి కథ అని అడిగింది. వైద్యం వదిలి బ్యాంకు పెట్టినాయన అని చెప్పాను. ఆ బ్యాంకులో గాజులకు వడ్డీ ఎంత తీసుకునేవాళ్లో కనుక్కోమంది. ఇంకా కనుక్కోలేదు. కాయ అమ్మిన తర్వాత గాజులు విడిపిస్తామని నాయన అన్నారు.

నా స్నేహితురాలు ప్రాస్పెక్టస్ ఎట్లా చదవాలో, నెల వడ్డీని సంవత్సరం వడ్డీగా ఎట్లా మార్చాలో నేర్పిస్తానంది. శుక్రవారం మధ్యాహ్నం భోజనం తర్వాత లైబ్రరీ పక్కనున్న మెట్ల దగ్గర కూర్చుంటాం. ఆ రోజు వెనక కూర్చున్న అక్కలు, ముఖ్యంగా ప్రశ్న అడిగిన అక్క, తప్పకుండా రావాలి.